తారిణి మోడల్ జాకెట్టు

ఆత్మకూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి నిరోషను దీవించి రాస్తున్నాను. ఇక్కడ మీ బావ, హర్షిత, ఉదయగిరిలో అమ్మ, నాయన అందరూ కులాసాగా ఉన్నారు. నేను కూడా కులాసా అని రాయడం పద్ధతి. ప్రస్తుతానికి సగం కులాసా అనుకో. మిగతా సగం సంగతి చెప్పడానికే కాగితం తీసుకున్నాను.

నీ ఉత్తరం మొన్న కొరియర్‌లో షాపుకు చేరింది. "ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు, మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటున్నావు, ఉత్తరాన్ని ఎట్లా కట్ చేస్తావో చూస్తా" అని మొదలుపెట్టావు. నవ్వొచ్చింది. నవ్వకూడదని పట్టుబట్టి కూర్చున్న మనిషిని కాబట్టి, మడిచి మిషను సొరుగులో పడేశాను. అన్నానికి లేచేలోపే మళ్ళీ తీసి చదివాను. ఎన్నాళ్ళకు చూశాను నీ చేతిరాత! ఇప్పటికీ నీకు 'న'కూ 'ణ'కూ తేడా తెలియదు. నువ్వు రోజూ జడ వేసే హీరోయిన్ పేరు కూడా 'తారిని' అని రాశావు. అది చూసి నాకు కాస్త సంతోషం కలిగింది. ఎందుకు కలిగిందో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలికి నువ్వు పంపిన నూనె వాడుతోంది. వాసన బాగాలేదని మొదట పక్కన పెట్టింది. తర్వాత హైదరాబాదు నుంచి వచ్చిన నూనె అని వీధిలో చెప్పుకోవడానికి రోజూ రాసుకుంటోంది. దాంతో నొప్పి కూడా తగ్గింది. నాయన కంది వేసి ఆకాశం వైపు చూస్తున్నాడు. కొండ మీద మబ్బు పట్టడం, గాలికి పోవడం, అంతే.

మీ బావ ఆటో బాగానే తిరుగుతోంది. అనంతసాగరం రూట్లో షేర్ ఆటోలు ఎక్కువైనా ఆయన గిరాకీ ఆయనకు ఉంది. ఈ మధ్య కొత్తగా ఒక పని చేశాడు. ముందు అద్దం మీద దేవుడి బొమ్మ పక్కన తారిణి ఫోటో అంటించాడు. ఎక్కినవాళ్ళు ఎవరో ఒకరు అడగాలని ఆశ. అడిగితే "మా మరదలేనబ్బా ఆమెకు జడేసేది" అంటాడు. రోజూ నా షాపు ముందు నుంచే పోతాడు. ఇది మా ఆవిడ షాపు అని ఇంతవరకు ఒక్కరికి చూపించిన పాపాన పోలేదు.

హర్షిత బాగా చదువుతోంది. స్కూల్లో మా పిన్ని ఎవరో తెలుసా అని చెప్పుకుని తిరుగుతోందట, వాళ్ళ టీచరే నాతో అంది. యాన్యువల్ డేకి గౌను కుడతానురా అంటే, పిన్నిని అడిగి తారిణి వేసుకున్నట్టు కుట్టు, నీకు తెలియదులే అంది. నాకు తెలియదట. చిన్న పిల్ల మాట, పట్టించుకోకూడదు. పట్టించుకున్నాను.

షాపులో తస్లీమా చేతి పని దాటి కటింగ్ కూడా నేర్చుకుంది. కాజాలు, హుక్కులు, ఫాల్సు వేయడానికి వచ్చిన పిల్ల, ఇప్పుడు నేను లేకపోయినా షాపు నడపగలదు.

ఇక నువ్వు ఉత్తరం చివర గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. ఆత్మకూరులో చీరల షోరూం ఓపెనింగ్‌కు తారిణి వచ్చిన రోజు వెనక గేటు దాటి లోపలికి వచ్చి, నన్ను చూసి కూడా ఎందుకు తిరిగి వెళ్ళిపోయావు, జాకెట్టు గురించి కోపమా అని. ఒక్క మాటలో చెప్పగలిగేదైతే ఫోన్ ఎత్తే చెప్పేదాన్ని. కొంచెం వెనక నుంచి రావాలి.

మనిద్దరిలో సినిమా పిచ్చి ఎవరిదో నీకు తెలుసు. ఉదయగిరి హాల్లో బెంచీ మీద కూర్చుంటే నువ్వు ఇంటర్వెల్ దాకా మురుకులు తిని, తర్వాత నా ఒళ్ళో నిద్రపోయేదానివి. నేను కథ చూసేదాన్ని కాదు. హీరోయిన్ జాకెట్టు చేతులు ఎక్కడ ఆగాయి, మెడ ఎంత లోతు, కొంగుకు పిన్ను పెట్టిందా వదిలేసిందా, ఇవీ నేను చూసేవి. హీరో చచ్చిపోతున్నాడని హాలంతా ముక్కులు చీదుతుంటే, ఆమె తెల్ల చీరకు వేసిన సన్నటి నల్ల అంచు చూస్తూ కూర్చునేదాన్ని. టీవీలో పాత సినిమా వస్తే ఆ కాలం వాళ్ళ బుట్ట చేతులు, మోచేతి దాకా బిగుతు చేతులు, నడుస్తుంటే మనిషి కంటే ముందు నడిచే కుచ్చిళ్ళు. తర్వాతి కాలం వాళ్ళు షిఫాన్ చీరలో వానకు తడిసి గంతులేసినా కుచ్చిళ్ళు ఎందుకు జారవు అని నాకు పెద్ద అనుమానం ఉండేది. లోపలి లంగాకు కలిపి కుట్టేస్తారని మిషను నేర్చుకున్నాకగాని తెలియలేదు. అది తెలిసిన రోజు నాకు పండగ.

తెర మీద కంటే బయట వాళ్ళు ఎట్లా ఉంటారన్నది ఇంకా ఇష్టం. సెలూన్ కామయ్య దగ్గర పాత సినిమా పత్రికలు అడిగి తెచ్చుకునేదాన్ని, గుర్తుందా. తెర మీద ఒంటినిండా జరీ మోసిన ఆవిడే ఇంటర్వ్యూకి నూలు చీర కట్టి, చెవులకు చిన్న ముత్యాలు పెట్టి, చేతికి మగవాళ్ళ వాచీ పెట్టుకుని కూర్చునేది. ఏ పాటలోనూ ఆమె నాకు అంత బాగా కనబడలేదు. డైరెక్టర్ చెప్తే వేసుకున్నది వేరు, తనంతట తాను బీరువా తెరిచి తీసుకున్నది వేరు. ఇప్పుడైతే ఎయిర్‌పోర్టులో దిగుతుంటే ఫోన్లలో తీసేస్తున్నారు. వదులు ప్యాంటు, చొక్కా, నెత్తిన ముడి. ఏదో చేతికి అందింది వేసుకున్నట్టు కనబడటానికి ఎంతసేపు అద్దం ముందు నిలబడి ఉంటారో నాకు తెలుసు. తెలిసినా గౌరవమే.

తారిణి అంటే నువ్వు ఆమె దగ్గర చేరక ముందు నుంచే నాకు అభిమానం. చామనచాయ, పొడుగు, వెడల్పాటి భుజాలు. మిగతావాళ్ళయితే ఆ భుజాలు దాచుకోవడానికి నానా తంటాలు పడేవాళ్ళు. ఆమె దాచలేదు. మొదటి సినిమాలోనే పంతులమ్మ వేషంలో ముతక చీర కట్టి బస్సు దిగిన తీరు చూసి, ఈమెకు బట్ట కట్టుకోవడం తెలుసు అని తస్లీమాతో అన్నాను.

నీకు అప్పట్లో హీరోయిన్ల పేర్లు కూడా సరిగా తెలియవు. నీ చేతులు ఊరికే ఉండకూడదని నెల్లూరులో బ్యూటీషియన్ కోర్సులో చేర్పించింది నేను. అక్కణ్ణుంచి హైదరాబాదు పార్లరు, పార్లరుకు వచ్చే ఒక హెయిర్ డ్రస్సర్ దగ్గర అసిస్టెంటు, చివరికి తారిణి. ఆ రోజు నువ్వు ఫోన్ చేసి, "ఎవరో తారిణి అంట, పొడుగ్గా ఉంటుంది, తెలుసా నీకు?" అని అడిగావు. తెలుసా అని నన్ను అడిగావు నిరోషా. మంచి అవకాశం, వదులుకోవద్దు అని చెప్పాను. ఫోన్ పెట్టేసి, కత్తెర వేస్తున్న బట్టను తప్పు కోశాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక జాకెట్టు. బాబాయి కూతురి పెళ్లికి, అమ్మ పెళ్లి పట్టుచీర చిరిగిపోగా మిగిలిన చిలకపచ్చ ముక్కతో నీకు కుట్టాను. బట్ట చాలలేదు. చేతులకు మోచేతి పైన ఏటవాలుగా కోసి, అంచులోంచి తీసిన వంగపండు రంగు ముక్క అతికించాను. అతుకు దాచాలని చూశాను, కుదరలేదు. సరే కనబడనీ అని తెగించి పైకే పెట్టాను. వెనక మెడ తమలపాకు లాగా తీసి, కింద ఒకే గుండీ. పెళ్లిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నువ్వు మాత్రం దాన్ని హైదరాబాదు తీసుకుపోయావు.

ఆ తర్వాత మొన్న శ్రావణానికి ముందు అనంతసాగరం నుంచి ఒక పెళ్లికూతురు తల్లితో కలిసి షాపుకు వచ్చింది. ఫోన్ తీసి ఫోటో చూపించింది. ఏదో సినిమా ఫంక్షన్‌లో తారిణి. ఒంటి మీద నా జాకెట్టు. రంగు వేరు, పట్టు వేరు. తమలపాకు మెడ, ఒకే గుండీ, చేతి మీద ఏటవాలు అతుకు, అన్నీ నావి.

"తారిణి మోడలక్కా ఇది. చెయ్యి కాడ ఈ క్రాసు కూడా ఇట్టే రావాల" అంది ఆ పిల్ల.

"ఇది నేను కుట్టిందేనమ్మా" అన్నాను. నోరు జారింది.

ఆ పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి నవ్వింది. "కుడతావులేమ్మా. అందుకే గదా నీ కాడికి వచ్చినాము" అంది.

నేను చెప్పింది వాళ్ళకు ఎక్కలేదు. టైము లేదని చెప్పి పంపించేశాను. ఆ వారమంతా అదే మోడల్ అడుగుతూ వచ్చారు. అందరికీ టైము లేదనే చెప్పాను. వాళ్ళలో చాలామంది ఎదురుగా ఉన్న షాపుకు పోయారు. అక్కడ నా జాకెట్టు కుట్టించుకుని నా ముందు నుంచే ఇంటికి పోయారు.

తర్వాత హర్షిత ఫోన్లో ఒక ఇంటర్వ్యూ చూపించింది. యాంకరమ్మ ఆ జాకెట్టు గురించి అడిగితే, తారిణి తన డిజైనర్ పేరు చెప్పింది. చాలా అందంగా చెప్పింది, తల కొంచెం పక్కకు వంచి. ఆమె వెనక నువ్వు దువ్వెన పట్టుకుని నిలబడి ఉన్నావు. నవ్వుతున్నావు. "అదిగో పిన్ని" అని హర్షిత ఎగిరింది.

నువ్వు ఉత్తరంలో అంతా వివరంగా రాశావు. షూటింగ్ మొదలైన పూజకు నువ్వు ఆ జాకెట్టు వేసుకుపోతే మేడమ్ ముచ్చటపడిందనీ, డిజైనర్ ఫోటో తీసుకున్నాడనీ, మా ఇంట్లోవాళ్ళు కుట్టారని నువ్వు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదనీ, కెమెరా ముందు అడ్డొచ్చి మాట్లాడే హక్కు జడ వేసే మనిషికి ఉండదనీ. నమ్ముతున్నాను. నీ స్థానంలో నేనున్నా దువ్వెన పట్టుకుని నవ్వేదాన్నేమో. కానీ నేను నీ స్థానంలో లేను. అదే కదా నా బాధ.

ఆ కోపంతోనే షోరూం ఓపెనింగ్‌కు వచ్చాను. వెనక గేటు దగ్గరికి రా, మేడమ్‌కు చూపిస్తానని నువ్వు ఫోన్ చేసినప్పుడు సరేనన్నాను. పదిమందిలో కాకపోయినా ఆమె మొహం చూస్తూ, ఇది నాది అని ఒక్కసారి అనాలని నా ఉద్దేశం. పొద్దున్నే బీరువాలో చీరలన్నీ మంచం మీద వేశాను. పల్లెటూరి టైలరమ్మ లాగా ఉండకూడదు. ఆమె కోసం వేషం వేసుకొచ్చినట్టూ ఉండకూడదు. చివరికి లేత పసుపు నూలు చీర కట్టి, జుట్టు ముడి వేసి, చెవులకు ముత్యాలు పెట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే ఇంటర్వ్యూకి పోతున్న హీరోయిన్ లాగే అనిపించింది. మీ బావ చూసి, ఒంట్లో బాగాలేదా అన్నాడు.

ఆత్మకూరులో అంత జనం నేను ఎన్నికలప్పుడు కూడా చూడలేదు. బస్సులు కదలడం లేదు. మిద్దెల మీద మనుషులు, డీజే మోత, నల్ల బట్టల బౌన్సర్లు. మీ బావ ఆటో దూరంగా ఆపుకుని అక్కడే ఉండిపోయాడు. నేను సందులోంచి వెనక గేటుకు చేరాను. వాచ్‌మన్ వెంగయ్య ఆపితే నీ పేరు చెప్పాను. "నిరోష మేడం వాళ్ళ మనిషివా? పో తల్లీ పో" అని దారి ఇచ్చాడు. నా ఊళ్ళో నేను నీ మనిషినై లోపలికి వచ్చాను.

క్యారవాన్ తలుపు గాలికని తెరిచి ఉంది. ఆమె తలుపు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది, ఒక కాలికే చెప్పు. నువ్వు వెనక వంగి ఏదో సర్దుతున్నావు. షోరూం వాళ్ళ నీలం పట్టుచీర, దాని మీద అదే మోడల్ జాకెట్టు. నేను అంత దగ్గరి నుంచి చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ముందు తప్పు వెతికాను. ముడత ఉందా, భుజం లాగిందా, మెడ ఒక పక్కకు ఒరిగిందా అని. దొరకలేదు. నేను అతుకు పెట్టిన చోటే వాళ్ళూ పెట్టారు. ఆమెకు బట్టకు కొదవా? నాకు చాలక వేసిన అతుకు ఆమెకు అందమైపోయింది. దాని వెంబడి వెంట్రుకంత సన్నగా బంగారు పైపింగు వేశారు. ఆ పైపింగు నాకెందుకు తట్టలేదని అక్కడ నిలబడే కడుపు మండింది. ఇంకో మాట రాయాలి, చెయ్యి రావడం లేదు. ఆ జాకెట్టు నీ మీద కంటే ఆమె మీద బాగుంది.

అంతా మింగుకుని పిలుద్దామని ఒక అడుగు ముందుకు వేశాను. అప్పుడే వెనక గుండీ ఊడింది. నువ్వు పళ్ళతో దారం తెంపి, సూది ఎక్కించి, ఒంటి మీదే కుట్టడం మొదలుపెట్టావు. ఆమె ఉలిక్కిపడితే అన్నావు:

"కదలబాక అక్కా. సూది గుచ్చుకుంటాది."

ఆమె నీ భుజం మీద చెయ్యేసి నిలబడింది.

నిరోషా, నేను వెళ్ళిపోయింది అందుకు. నలుగురిలో ఉన్నప్పుడు మేడమ్ అంటావని నాకు తెలుసు. ఎవరూ లేరనుకున్నప్పుడు నీ నోటి వెంట వచ్చింది ఆ పిలుపు. అదీ మన యాసలో. నాతో ఫోన్లో మాట్లాడేటప్పుడు హైదరాబాదు మాటలు మాట్లాడతావు. 'కదలబాక' అన్న మాట నీ నోట విని ఎన్నేళ్ళయింది! ఆమె దగ్గర ఉదయగిరి భాష, నా దగ్గర సినిమా వాళ్ళ భాష. జాకెట్టు పోతే ఇంకోటి కుట్టుకుంటాను. డిజైనర్ పేరు చెప్పుకుంటే చెప్పుకోనీ. ఆ ఒక్క మాట విన్నాక వెనక్కి తిరిగాను. తిరిగేటప్పుడు నువ్వు తలెత్తి చూశావు. నీ చేతిలో సూది ఉంది, ఆమె వెన్ను ఉంది. నువ్వు రాలేవని తెలుసు. అయినా గేటు దాకా నెమ్మదిగా నడిచాను.

మీ బావకు కూడా చెప్పకుండా ఉదయగిరి బస్సెక్కాను. అమ్మ వసారాలో దాచిన చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. నన్నూ నా చీరనూ చూసి, సినిమాయామె వచ్చిందంట గదా, నువ్వేంది ఇక్కడ అంది. జరిగిందంతా చెప్పాను. జాకెట్టు సంగతి విన్నప్పుడు తల ఎత్తలేదు. పిలుపు సంగతి చెప్పినప్పుడు మాత్రం చెయ్యి ఆపింది.

"కుళ్ళే అది. దానికి ఇంకో పేరు లేదు" అంది. మళ్ళీ చింతపండు అందుకుని, "జరమొస్తే మాత్ర ఉండాది. దీనికి లేదు. అన్నం తిని పో" అంది.

అన్నం తిన్నాను. గోంగూర పచ్చడి వేసింది. కడుపు నిండింది, మంట తగ్గలేదు. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను.

ఆ తర్వాత నీ ఫోన్లు ఎత్తలేదు. పది మాటలు అనేస్తానని భయం. అనకపోతే ఏడుస్తానని ఇంకో భయం.

కొన్నాళ్ళకు మళ్ళీ ఒకావిడ తారిణి మోడల్ అని ఫోటో తెచ్చింది. టైము లేదన్నాను. ఆమె పోయాక తస్లీమా చేతిలో పని కింద పెట్టి, ఎన్నాళ్ళు ఇట్లా తిప్పి పంపుతావు, వచ్చినవాళ్ళంతా ఎదురు షాపుకు పోతున్నారు కదా అని గట్టిగా అడిగింది. ఎవరితోనూ అనకూడదనుకున్న మాట ఆమెతో అనేశాను. నిరోష ఆమెను అక్కా అంది, అందుకని. తస్లీమా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కావలిలో మా ఆపా ఉండాది గదా" అంది. "నీ పేరెత్తితే మూతి తిప్పుకుంటాది. ఎప్పుడు ఫోన్ చేసినా మధులతక్క ఇట్టన్నింది, మధులతక్క అట్ట కుట్టింది అంటావే, నీకు తోడబుట్టిందొకతి ఉండాదని గుర్తుందా అంటాది. ఆమెను పిలిచేది ఆపా అని, నిన్ను అక్కా అని. మాట వేరే. అయినా ఆమెకు మంటే."

నువ్వేమంటావు అని అడిగాను.

"ఏమంటాను? మొన్న పండక్కి కూడా పోలేదు నేను. నీ కాడ పని ఎక్కువుండాదని చెప్పినా" అంది.

నిరోషా, తస్లీమా నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టి ఏళ్ళయింది. కావలిలో ఒకామె నా పేరు విని మూతి తిప్పుకుంటుందని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఆమె మొహం కూడా నేను చూడలేదు. ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాను? రేపటి నుంచి అట్లా పిలవబాకని చెప్పానా? చెప్పలేదు. ఆ పిలుపు నాకు ఇష్టం. వదులుకోను. ఒక శుక్రవారం సెలవిచ్చి, కావలి పోయిరా, ఆపాకు జాకెట్టు గుడ్డ తీసుకుపో అని మాత్రం చెప్పాను. తారిణికి కూడా నీ పిలుపు ఇష్టమే అయ్యుంటుంది. ఎందుకు వదులుకుంటుంది?

దీంతో నా కుళ్ళు పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. అయితే షాపులో టైము లేదనడం మానేశాను. అనంతసాగరం పిల్లకు నేనే ఫోన్ చేసి పిలిచాను. అదృష్టం, ఇంకా ఎక్కడా ఇవ్వలేదట. తమలపాకు మెడ, ఒకే గుండీ, ఏటవాలు అతుకు. అతుకు మీద బంగారు పైపింగు కూడా వేశాను. వాళ్ళు నా అతుకు తీసుకున్నారు, నేను వాళ్ళ పైపింగు తీసుకున్నాను. పెళ్లిలో ఆ పిల్ల అందరికీ తారిణి మోడలనే చెప్పుకుందట. చెప్పుకోనీ. తల్లి మాత్రం తర్వాత షాపుకు వచ్చి, ఫోటోలో దానికంటే నీదే బాగా కుదిరిందమ్మా అంది. ఆవిడ మాట మర్యాదకు అన్నదో నిజంగా అన్నదో తెలియదు. నేను నిజమనే పెట్టుకున్నాను.

ఇక నువ్వు ఆఖరున రాసిన సంగతి. ఆ రోజు గేటు దగ్గర నిలబడిపోయిందెవరని మేడమ్ అడిగిందనీ, నువ్వు చెప్పావనీ, తన చెల్లెలి పెళ్లికి జాకెట్లు నా చేతే కుట్టించుకోవాలని అంటోందనీ, హైదరాబాదు రమ్మందనీ రాశావు. మీ బావకు చెప్తే అప్పుడే బ్యాగు సర్దబోయాడు. నేను రాను. పొగరనుకో, ఏమన్నా అనుకో. నా మిషను ఇక్కడుంది. ఇంటింటి ఆడవాళ్ళూ కొలతకు ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకుని పోతున్నారు. ఆమె కూడా ఆది పంపిస్తే కుడతాను. మంచి పట్టు పంపమను, ఈసారి అతుకు వేసే అవసరం లేకుండా. మళ్ళీ ఎక్కడైనా ఎవరైనా అడిగితే, మధులత, ఆత్మకూరు అని చెప్పమను. ఇది నేను సిగ్గు వదిలి అడుగుతున్నాను. నాకు కావాలి ఆ పేరు. హర్షిత ఫోన్లో అది వినాలి.

నువ్వు ఆమెను ఏమని పిలవాలో చెప్పడానికి నేనెవర్ని! రోజూ పక్కన ఉండేది ఆమె. జ్వరం వస్తే మందు తెప్పించేది ఆమె అని నువ్వే రాశావు. పిలుచుకో. నాకు వినపడకుండా పిలుచుకో. నాకు ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ హైదరాబాదు మాటలు కట్టిపెట్టి మన మాటలు మాట్లాడు. ఇకనుంచి ఎత్తుతాను.

తారిణి ఆది పంపేటప్పుడు నీదీ ఒకటి పంపు. ఆమె కొలత నేను ఆది లేకుండా కూడా చెప్పగలను, భుజం ఎంత, చెయ్యి పొడుగెంత, అన్నీ కళ్ళలో ఉన్నాయి. నీది చెప్పలేకపోతున్నాను. ఆ రోజు దూరం నుంచి చూస్తే చిక్కావనిపించింది, వంగి ఉన్నావు కాబట్టి సరిగా తెలియలేదు. లావయ్యావో చిక్కావో రాయి. బీరువాలో కొత్త పట్టు తెచ్చి పెట్టాను, చిలకపచ్చే. ముందు నీది కత్తిరిస్తాను. ఆమె హీరోయినే కావచ్చు, నా షాపులో నీ తర్వాతే.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క,
మధులత.